కుక్కకు మందు, పిల్లికి విషం

ఇంట్లో కుక్కకో పిల్లికో ఫ్లీ పురుగులు పడితే మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు ఇప్పుడు పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ సులువుగా దొరుకుతోంది. వెంట్రుకలు పాయ తీసి, నాకడానికి నోరందని చోట, చర్మానికి తగిలేలా వేస్తే బాగా పనిచేసే మందే అది. చిక్కు మందులో కాదు, అమ్మే తీరులో ఉంది. ‘ఏ జంతువుకి? బరువెంత?’ అన్న రెండు ప్రశ్నలు అడక్కుండా ఈ ట్యూబు ఎవరి చేతికీ ఇవ్వకూడదని నా వాదన.

కుక్కల కోసం చేసిన కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే రసాయనం 40 శాతం పైగా ఉంటుంది. కుక్క ఒంట్లోకి చేరిన కాస్త పెర్మెత్రిన్‌ను దాని కాలేయం విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పనికి కావలసిన ఎంజైములు బాగా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయడానికీ ఈ లోపమే ముఖ్య కారణం. అందుకే కుక్కకు హాయిగా సరిపోయే చుక్కలు పిల్లి మీద పడితే కొన్ని గంటల్లోనే వణుకు, తర్వాత మూర్ఛలు మొదలవుతాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2009లో ఈ మందుల మీద వచ్చిన ఫిర్యాదులను పరిశీలించింది. కుక్క మందును పిల్లికి వాడటం, బరువుకు మించిన మోతాదు వేయడం వంటి పొరపాట్లు అందులో బయటపడ్డాయి. లేబుళ్ళు మరింత స్పష్టంగా ఉండాలని ఆ సంస్థ మరుసటి ఏడాది తేల్చిచెప్పింది.

‘మేం కుక్క మందే పిల్లికి వేశాం, ఏమీ కాలేదు’ అనేవాళ్ళున్నారు. వాళ్ళు వేసింది పెర్మెత్రిన్ లేకుండా ఫిప్రోనిల్ అనే మరో రసాయనంతో చేసిన మందు అయి ఉండొచ్చు. అలాగని అదీ కొలత లేకుండా వేసేది కాదు. బాగా పేరున్న ఒక ఫిప్రోనిల్ మందులో పిల్లి ట్యూబులో ఉండేది 50 మిల్లీగ్రాములు, 40 కిలోలు దాటిన కుక్క ట్యూబులో 402. ఖర్చు కలిసొస్తుందని పెద్ద ట్యూబు కొని ఇంట్లో జంతువులన్నిటికీ తలా కాస్త పంచడం ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి. పైగా జంతువు ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా పక్కబట్టల్లో, నేల పగుళ్ళలో ఉంటాయి. అవి ఎదిగి కొత్త పురుగులు కనిపించగానే మందు పనిచేయలేదనుకుని వారానికే మళ్ళీ వేసేస్తారు. అప్పుడు చేయాల్సింది పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకడం, ఇల్లు మూలమూలలా ఊడవడం. అమ్మేవాడు ఆ ఒక్క మాట చెబితే రెండో డోసు ఆగుతుంది.

ప్రతి చిన్నదానికీ పశువైద్యుడి చీటీ ఎక్కడ తెస్తామన్న అభ్యంతరం న్యాయమైనదే. చాలా ఊళ్ళలో పశువుల ఆసుపత్రి ఉన్నా పిల్లిని చూసే అలవాటు తక్కువ. నేను అడుగుతున్నది చీటీ కాదు, అమ్మేముందు ఆ రెండు ప్రశ్నలే. పెట్టె మీద అన్నీ రాసే ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఇంగ్లిష్‌లో, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో. మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం పశువుల మందు మీద ‘మనుషుల వాడకానికి కాదు’ అని రాయాలి, జంతువు తల బొమ్మ వేయాలి. పిల్లికి ప్రాణాంతకమైన మందు మీద ఆ బొమ్మ ఒక్కటీ చాలదు. కొట్టేసిన పిల్లి బొమ్మ, ‘పిల్లులకు వాడరాదు’ అన్న తెలుగు మాట పెట్టె మీదే కాదు, ట్యూబు మీదా ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు ఈ మాట కంపెనీలతో, కేంద్రంతో గట్టిగా మాట్లాడాలి.

ఆలోగా ఒక మాట గుర్తుంచుకోండి. పెర్మెత్రిన్‌కు విరుగుడు మందు లేదు. పొరపాటున పిల్లి మీద పడితే గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తడి తుడిచి, వెచ్చగా చుట్టి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. అప్పటికే వణుకు మొదలైతే కడుగుతూ కూర్చోకుండా ముందు బయల్దేరండి. ఆ ఖాళీ ట్యూబును కూడా వెంట పట్టుకెళ్ళండి.