పాత కారుకు కొత్త చేయి

పాత వస్తువులను ప్రేమించేవారికి ఒక మొండితనం ఉంటుంది, ఏదీ మార్చరాదని. పుస్తకాల అట్టల విషయంలో నేనూ ఆ కోవవాడినే. కానీ 1982 నుండి 1991 వరకు తయారైన పోర్షే 944 దగ్గర మాత్రం ఆ పట్టుదలను సమర్థించలేను.

ముందు చక్రాన్ని కింది నుండి చట్రంతో కలిపి పట్టుకునేది కంట్రోల్ ఆర్మ్. తొలినాళ్ళలో అది ఉక్కురేకుది. 1985 నడుమ నుండి అల్యూమినియం పోత వచ్చింది. తేలికైనది, చూడముచ్చటైనది. దాని కొసనున్న బాల్ జాయింట్ అరిగిందా, ఆ కీలొక్కటే విడిగా అమ్మలేదు పోర్షే. మొత్తం చేయినే కొనమంది. పంటినొప్పికి దవడ మార్చుకొమ్మన్నట్టు! కారు ఎత్తు తగ్గించినవారికి ఇంకో గండం: చేయి వాలు మారి, కీలు తిరగగల హద్దు దాటి, దాని కాడ విరగవచ్చు. వేగంలో విరిగితే ఆ చక్రం ఇక స్టీరింగు మాట వినదు.

అందుకే ఇతరులు చేసిన ఉక్కు గొట్టపు ఆర్మ్‌లు వచ్చాయి. వాటిలో కీలును విడిగా మార్చుకోవచ్చు. "అసలుదనం పోయింది" అని వాపోయేవారి బాధ అర్థమవుతుంది, వాదం మాత్రం మింగుడుపడదు. పాతవాటిని గుడ్డలో చుట్టి అటకమీద దాచుకోండి, ఎవరు వద్దన్నారు?

అటువైపు వారితోనూ నాకు పేచీ ఉంది. రబ్బరు బుష్‌లు పీకేసి, పందెపు కార్ల లోహపు బేరింగులు బిగించి, గతుకుల రోడ్ల మీద తిరగడమెందుకు? రబ్బరు మింగవలసిన అదురంతా చట్రానికి చేరుతుంది. దుమ్ము దూరి బేరింగు వదులవుతుంది. నాకైతే కీలు కొత్తది కావాలి, బుష్ మాత్రం రబ్బరుదే ఉండాలి.