పత్తికో న్యాయం, డీజిల్‌కో న్యాయమా?

రైతన్నలారా, జర ఆలోచన చెయ్యుండ్రి. బయటి దేశాల్ల దూది ధర పడితే మన ఏనుమాముల మార్కెట్ల పత్తి కింటాకు కోత పడుతది. మరి ముడి చమురు ధర పడితే బంకుల డీజిల్ ఎందుకు దిగదు?

2022 మే నుంచి 2024 మార్చి దాకా ధర కదలలే. 2023-24ల మూడు సర్కారు ఆయిల్ కంపెనీల లాభం కలిపి దాదాపు 81 వేల కోట్లు! 2022ల వచ్చిన నష్టం పూడ్సుకున్నం అంటరు. ఆ ఏడు గ్యాస్ నష్టం కింద సర్కారు 22 వేల కోట్లు ఇయ్యనే ఇచ్చింది. 2022-23 మొత్తం లెక్క తీసినా మూడూ కలిపి నష్టంల లేవు. ఇంక పూడ్సింది ఏ గుంత? పార్లమెంటు ఎన్నికల ముంగట తగ్గిచ్చింది 2 రూపాయలు.

కంపెనీకి లాభం వద్దంటలేను. పెరిగినప్పుడు మనమే మోసినం, తగ్గినప్పుడు మనకే దక్కాలె. దున్నకం కిరాయి కట్టేది మనం. గట్టిగ అడుగుదాం.