గాయపడిన జవాను గడపకూ పండుగ రావాలి

ఉప్పునుంతల: దసరా దగ్గరపడిందంటే ఉప్పునుంతల మండలంలోని పల్లెలకు కళ వస్తుంది. పట్నానికి, ఇంకా దూరాలకు కూలికి పోయినవారు మూటాముల్లెతో బస్సు దిగుతారు. సెలవు దొరికిన జవాను ట్రంకు పెట్టెతో దిగుతాడు. ఊరంతా అతన్ని పలకరిస్తుంది. బార్డర్‌లో చలి ఎట్లున్నదని అడుగుతుంది. క్యాంటీన్ సీసా ఏమైనా తెచ్చినవా అని చెవిలో అడిగేవారూ లేకపోలేదు.

కాలు పోగొట్టుకొనో, వెన్నుపూసకు దెబ్బతగిలో ఇక తిరిగి పోయే పని లేకుండా ఇల్లు చేరిన జవాను సంగతి వేరు. మొదటి పండుగకు వాకిలి నిండా జనమే. మరుసటి ఏడు నలుగురైదుగురు. ఆ తర్వాత చుట్టాలు తప్ప గడప తొక్కేవారుండరు. ఇది ఎవరో పనిగట్టుకొని చేసే అన్యాయం కాదు. ఎవరి పనుల్లో వారుంటారు. కాని మంచం మీద పడుకొని వీధిలో బతుకమ్మ పాటలు వినేవానికి ఆ తేడా తెలుస్తుంది.

ప్రాణాలిచ్చిన వీరులను గౌరవించడంలో తెలుగువారు వెనుకబడలేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది అమరులయ్యారు. ఆయనకు 2021లో మహావీర చక్ర ప్రకటించారు. సూర్యాపేటలో విగ్రహం నిలిపారు. అదంతా న్యాయమే. అయితే అదే రాత్రి గాయపడి బయటపడిన జవాన్లు పదుల సంఖ్యలో ఉన్నారు. వారిలో ఒక్కరి పేరైనా చెప్పగలవారు ఎంతమంది? 1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది చనిపోయారని బడిపిల్లలు కూడా చెబుతారు. గాయపడినవారు 1300 మందికి పైగా ఉన్నారని పెద్దలకు కూడా తెలియదు.

మురళీకాంత్ పెట్కర్ కథ ఇందుకు మంచి నిదర్శనం. మహారాష్ట్రకు చెందిన ఈ జవాను 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద సత్తువ పోగొట్టుకున్నాడు. అంతకు ముందు బాక్సరు. కాళ్లు పోయాక ఈత పట్టాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచాడు. పారాలింపిక్స్‌లో భారతదేశానికి అదే తొలి బంగారం. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2018లో. అంటే 46 ఏళ్లు! దేశానికి పతకం తెచ్చినవాని గతే అది అయితే, మూలనున్న పల్లెలో కర్రల మీద నడిచే సిపాయిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం తప్పు. పుణెలో 1944 నుంచి కృత్రిమ అవయవాల కేంద్రం ఉన్నది. అక్కడే ఖడ్కీ ప్రాంతంలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల కోసం 1974లో పునరావాస కేంద్రం పెట్టారు. పింఛను వస్తుంది. చిక్కంతా కాగితాల దగ్గరే. గాయం యుద్ధంలో తగిలిందా, డ్యూటీలో తగిలిందా, అంగవైకల్యం నూటికి ఎంత అని రాశారు అనే దాన్నిబట్టి పింఛను మొత్తం మారిపోతుంది. దానికి అర్జీలు, మెడికల్ బోర్డులు, ఉత్తర ప్రత్యుత్తరాలు. సైనిక సంక్షేమ కార్యాలయం మహబూబ్‌నగర్‌లో ఉన్నది. ఉప్పునుంతల నుంచి బస్సులు మారి పోయి రావాలంటే మంచిగా ఉన్నవానికే రోజు గడుస్తుంది. కర్రల సాయంతో నడిచేవాని మాట చెప్పనక్కరలేదు. చదువుకున్న యువకుడొకడు ఆ ఫైలు పట్టుకొని ఒక్కరోజు వెంట పోతే, అది పది శాలువాల పెట్టు.

శాలువాల మాట వచ్చింది కనుక చెప్పక తప్పదు. జవానుకు సన్మానమని పిలిచి, మెట్లున్న స్టేజీ మీదికి ఇద్దరు రెక్కలు పట్టి ఎక్కించి, నాయకుల ఉపన్యాసాలు ముగిసేదాకా గంటలకొద్దీ కుర్చీలో కూర్చోబెట్టడం గౌరవమనిపించుకోదు. స్టేజీ వద్దు. అతని పొలంలో పత్తి ఏరేందుకు కూలీలు దొరకకపోతే ఇరుగు పొరుగు ఒక పూట చేయి వేస్తే చాలు. పంచాయతీ ఆఫీసు మెట్ల పక్కన చక్రాల బండి ఎక్కేటట్టు సిమెంటు వాలు కట్టిస్తే, ముసలివారికి కూడా పనికి వస్తుంది.

దీపావళి నాడు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. మందుపాతర పేలి గాయపడినవానికి ఇంటి ముందు లక్ష్మీబాంబు పేలితే ఎట్లుంటుందో పిల్లలకు తెలియదు. పెద్దలు చెప్పాలి. ఆ వాకిట్లో పువ్వొత్తులు, చిచ్చుబుడ్లు కాలిస్తే పిల్లల సరదా ఏమీ తగ్గదు.

సి.ఆర్.పి.ఎఫ్. జవాన్ల విషయం కూడా మరచిపోరాదు. ఊరివారికి వారూ మిలటరీయే. కాని వారు కేంద్ర హోంశాఖ కిందివారు. సైనిక సంక్షేమ కార్యాలయం వారికి వర్తించదు. అది తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగే కుటుంబాలకు ముందే చెప్పేవారుంటే బస్సు చార్జీలైనా మిగులుతాయి.

పండుగల నడుమ డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. 1949 నుంచి జరుగుతున్నది. బడిలో పిల్లలకు చిన్న జెండాలిచ్చి విరాళాలు వసూలు చేస్తారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల ఆ కాగితం అంగీకి పెట్టుకున్న పిల్లవానికి ఆ డబ్బు ఎటు పోతుందో సార్లు చెప్పాలి. గాయపడిన సైనికుల పునరావాసానికి, అమరుల భార్యాబిడ్డలకు, మాజీ సైనికుల సంక్షేమానికి ఆ నిధి వాడతారు. ఊళ్లోనే అటువంటి జవాను ఉంటే, పిల్లలను అతని దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టడం ఇంకా మంచిది. అతనికి ఇష్టమైతేనే సుమా.

దసరా సాయంత్రం పాలపిట్టను చూడటానికి, జమ్మికి ఊరంతా పొలిమేరకు పోతుంది. ఆ చెలక బాటన చక్రాల బండి నడవదు. ట్రాక్టరు ట్రాలీలో కుర్చీ వేసి తీసుకుపోతామని ముందురోజే అడగాలి. వస్తానంటే మంచిదే. రానంటే బలవంతం చేయక, తిరిగి వచ్చేటప్పుడు జమ్మి ఆకు తొలుత అతని చేతిలో పెట్టి, అలయ్ బలయ్ తీసుకొని, కాసేపు కూర్చొని చాయ్ తాగి రావాలి.