ఎరువునకు ఇరీడియమేల?

నీటినుండి ఉదజనిని తీసి దానితో అమ్మోనియా చేయు యత్నము మన తీరమునకును వచ్చినది. అనకాపల్లి జిల్లా పూడిమడక యొద్ద ఇట్టి కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఇది పట్టణవాసుల ముచ్చటయని రైతు సోదరులు ఉపేక్షింపరాదు. నేడు అమ్మోనియా సహజవాయువునుండి తయారగుచున్నది. మన దేశపు ఎరువుల కర్మాగారములు వాడు ఆ వాయువులో అధికభాగము ఓడలలో వచ్చునదే. పరదేశమున ధర పెరిగిననాడు ఆ భారము బస్తామీదనో, సర్కారు రాయితీమీదనో పడక మానదు. యూరియాకు బొగ్గుపులుసుగాలియు వలయును గాన అందులకు నీటి అమ్మోనియా యొక్కటియే చాలదు. మిశ్రమపు ఎరువులకు చాలును.

నీటిలో విద్యుత్తు ప్రసరింపజేసిన ఒక కొనయందు ఉదజనియు, రెండవ కొనయందు ఆమ్లజనియు వెడలును. చిక్కు ముఖ్యముగ ఆమ్లజని వైపుననే కలదు. అచటి చర్య మందకొడిది. దానిని నెట్టుటలో విద్యుత్తు వేడియై వ్యర్థమగును. కిలో ఉదజనికి లెక్కప్రకారము 39 యూనిట్లు చాలవలసియుండగా, ఆచరణమున 50కి పైగా ఖర్చగుచున్నవి. చర్యను త్వరపరచు పదార్థమును ఉత్ప్రేరకమందురు. పాలకు తోడువంటిదనవచ్చును గాని, తోడు పెరుగులో కలిసిపోవును, ఇది కలిసిపోరాదు.

ఆమ్లపు పొరతో పనిచేయు యంత్రములలో కరగక నిలుచుటకై ఇరీడియమును వాడుచున్నారు. లోకమంతట అది ఏటికి 7, 8 టన్నులు మాత్రమే లభించును. ఒక్క లారీలో పట్టును. అందధికభాగము దక్షిణాఫ్రికా గనులది. వాయువునకై పరులను ఆశ్రయించుట మాని లోహమునకై ఆశ్రయించినచో మనకేమి లాభము?

ఇట్టి చిక్కు పూర్వమొకటి తీరినది. 1909లో జర్మనీ దేశీయుడగు హేబర్ అమ్మోనియా చేసినపుడు ఆస్మియమను అరుదగు లోహమును వాడెను. పిదప మిట్టాష్ అను రసాయనికుడు సహాయకులతో వేలకొలది పరీక్షలు జరిపి, ఇనుమునకు కొన్ని చౌక పదార్థములు చేర్చి పని నెరవేర్చెను. 1913లో ఓపావు కర్మాగారము ఇనుముతోనే నడిచెను. నేటి కర్మాగారములలోను చాలవరకు ఇనుమే.

ఆమ్లజని విషయమునను ఆశ లేకపోలేదు. క్షారజలముతో నడుచు యంత్రములకు నికెలు చాలును. దానిలో కొంచెము ఇనుము కలిసినచో ఆమ్లజని సులభముగ వెడలునని 1987లో కారిగన్ ప్రకటించెను. మన వరి ఆకు నాలుగు మాంగనీసు పరమాణువులతో, ఒక కాల్షియము పరమాణువుతో ఎండలో నీటిని విడదీయుచునే యున్నది. మాంగనీసు విజయనగరము జిల్లా గనులలోనే కలదు. అయితే ఆకు చెడిన పనిముట్టును మాటిమాటికి బాగుచేసికొనును. యంత్రమున కా నేర్పు లేదు. చౌకలోహములు ఆమ్లమున కరగిపోవుచున్నవి. క్షారమునను, ఎండతో విద్యుత్తు వచ్చుచు పోవుచు నుండుటచే శిథిలమగుచున్నవి.

కొన్ని గంటల ఫలితముచూపి విజయమని చాటుట పరిశోధనాలయములలో పరిపాటియైనది. ఎద్దును సంతలో నడక చూచి కొందుమా, దుక్కిలో చూచి కొందుమా? 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము హరిత ఉదజనికై 19,744 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. పరిశోధనకు అందు 400 కోట్లు, అనగా నూటికి రెండు రూపాయలు. ఇది చాలదని మా అభిప్రాయము. ఈ భాగమును పెంచవలెననియు, చౌకలోహపు ఉత్ప్రేరకములను సౌరవిద్యుత్తుపై ఏడాది పొడుగున నడిపి, ఫలితములను తెనుగున ప్రకటింపవలెననియు మన సంఘములు మహాసభలలో తీర్మానించి ప్రభుత్వమునకు పంపవలెనని కోరుచున్నాము.