మల్టీకల్చరల్ బడిలో మన పిల్ల ఏ కల్చర్?



ఎండాకాలం మొదలైతే చాలు, మన ఫోన్లు మోగుతానే ఉంటాయి. "అన్నా, పాపకు ప్రైవేటు బడి ఫారం నింపిస్తావా?" తండాలో డిగ్రీ చదివినోళ్ళం ముగ్గురో నలుగురో ఉంటాం, ఆ పని మన మీదే పడుతుంది. ఆధార్ ఉందా, కుల సర్టిఫికెట్ ఉందా, సచివాలయంలో సర్వర్ పని చేస్తాందా, అన్నీ మనమే చూసుకోవాలి. అందుకే ఇది తల్లిదండ్రుల కోసం రాయడం లేదు. ఫారం నింపే నీ కోసం రాస్తున్నా.

పోయినేడు నా మేనకోడలిని చేర్పించడానికి అక్కతో పాటు ఒక బడికి పోయినా. సోమందేపల్లికి బస్సు పంపే బడే. పేరు రాయను, ఇట్లాంటి బళ్ళు ఒకటి కాదు. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ: 'మల్టీకల్చరల్ క్యాంపస్'. భూగోళం బొమ్మ, దాని చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లోళ్ళు. ఒకడికి రాజస్థాన్ తలపాగా, ఒకడికి కౌబాయ్ టోపీ, ఒక పాపకు జపాన్ డ్రెస్సు. లోపల ఆఫీసులో గుమాస్తా మర్యాదగానే మాట్లాడినాడు. కుర్చీ చూపించినాడు, నీళ్ళిచ్చినాడు. ఫారంలో మాతృభాష దగ్గరికి వచ్చినాడు.

"గోర్‌బోలి" అనింది అక్క.

ఆయన తల ఎత్తినాడు. "అంటే?"

"లంబాడీ సార్, సుగాలోళ్ళం."

"అది భాష కాదులేమ్మా, ఇంట్లో మాట్లాడుకునేది. తెలుగు అని రాస్తా."

రాసేసినాడు. అక్క సంతకం పెట్టేసింది. నేను పక్కనే నిలబడి చూసినా. ఎం.ఏ. చదివినోణ్ణి, మీటింగుల్లో మైకు పట్టుకునేటోణ్ణి, ఒక్క మాట అనలేదు. ఎందుకంటే సీటు పోతుందేమోనని భయం. ఆ భయం మీదే నా గొడవంతా.

'మల్టీకల్చరల్' అనే మాట మన రోడ్డు మీదికి ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకో. 2017లో కియా కంపెనీ ఒప్పందం చేసుకుంది, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ కట్టింది, 2019లో కార్లు బయటికొచ్చినాయి. దాని వెనకే చెన్నై ఇంజనీర్లు, పూణే మేనేజర్లు, కొరియా ఆఫీసర్లు వచ్చినారు. నలభై నాలుగో నంబరు హైవే పొడుగునా కొరియా అక్షరాల బోర్డులు లేచినాయి. ఈ పక్క హిందూపురం దాటితే కన్నడ, ఆ పక్క ధర్మవరం మగ్గాల తెలుగు, మధ్యలో ఉర్దూ, మన గోర్‌బోలి, ఎరుకలోళ్ళ భాష, ఇవన్నీ ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. అప్పుడు ఏ బడీ మల్టీకల్చరల్ అని రాసుకోలేదు. కొరియా పిల్లోడు వస్తే అది బడి గొప్పతనం, గోర్ పిల్ల వస్తే అది బడి దయ. వచ్చినోళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ బిడ్డ భాష బోర్డు మీదికి ఎక్కుతుంది, మన బిడ్డ భాష ఫారంలోకి కూడా దిగదు. కోపం దాని మీద.

ఇప్పుడు ఆ దయ సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బళ్ళు కనీసం నాలుగో వంతు సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు పోయి ఓడిపోయినాయి, 2012 ఏప్రిల్ 12న తీర్పొచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లు నిజంగా ఇవ్వడం మొదలైంది హైకోర్టు గట్టిగా చెప్పినాక, 2022-23లో. అంటే పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఒకటో తరగతి వయసు దాటిపోయిన పిల్లల్లో కొందరు ఈ రోజు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాండారు. వాళ్ళకు ఎవరు బదులు చెప్తారు?

ఇచ్చినప్పుడైనా సరిగా ఇచ్చినారా? ఆ సీటుకు ప్రభుత్వం అప్పుడు కట్టిన ధర చూడు: పట్నంలో 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100. బిడ్డ ఎంత అడవిలో ఉంటే అంత చవక! మన జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి మనం 6,500 లెక్కలోకి వస్తాం, అదొక ప్రమోషన్ అనుకోవాలేమో. ఆ డబ్బు కూడా తల్లికి వచ్చే అమ్మఒడి సొమ్ములోంచి కట్టేట్టు పెట్టినారు. చట్టం ప్రభుత్వాన్ని కట్టమంటే, ప్రభుత్వం అమ్మ కొంగుముడి చూపించింది.

ఇంక అసలు లెక్క. మన రాష్ట్రంలో ఆ 25 శాతాన్ని ఇట్లా పంచినారు: అనాథలు, హెచ్ఐవి బాధితుల పిల్లలు, వికలాంగులకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా పేదలకు 6. నాలుగు శాతమంటే ముప్పై మంది క్లాసులో ఎంత? ఒక్క బిడ్డ.

ఆ ఒక్క బిడ్డను కొంచెంసేపు ఊహించుకో. మన రాష్ట్రంలో ఈ సీటు ఒకటో తరగతిలోనే ఇస్తారు. బడిలో నర్సరీ ఉంటే అక్కడి నుంచే ఇవ్వాలని చట్టంలో ఉంది, మన దగ్గర ఆ ఊసే లేదు. క్లాసులో మిగతా పిల్లోళ్ళు ఎల్‌కేజీ, యూకేజీ అక్కడే చదివినోళ్ళు, రైమ్స్ అన్నీ వచ్చు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఎప్పుడో తేలిపోయింది. మన పిల్ల అంగన్‌వాడీ నుంచి నేరుగా వస్తుంది. ఇంట్లో గోర్‌బోలి, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. ఒంటికి పోవాలని అడగడానికి కూడా ఏ భాషలో అడగాలో ఆలోచించాలి. పక్కన తన మాట తెలిసినోళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రం బస్సు దిగినాక మా మేనకోడలు మొదటి రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, అప్పుడు వాళ్ళమ్మను 'యాడి' అనడం మానేసింది. 'మమ్మీ' అంటాంది. అక్క దానికి సంతోషపడింది. నేను అక్కను తప్పు పట్టను. హిందూపురం గార్మెంట్స్‌కు పొద్దున్నే బస్సెక్కే మనిషి, తన బిడ్డ ఆ బస్సు ఎక్కకూడదని ఒక్కటే కోరిక.

హిందీ పీరియడ్ సంగతి చెప్పాలి, నవ్వొస్తుంది, మంట కూడా వస్తుంది. టీచరమ్మ బోర్డు మీద నీళ్ళ బొమ్మ వేసి 'పానీ' అని చెప్పిందంట. క్లాసంతా పలకలేక పలుకుతాంటే మా పిల్ల పక్కున నవ్విందంట. మన ఇంట్లో నీళ్ళు పాణీనే కదా! పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. నవ్వినందుకు నిలబెట్టినారు. ఆ క్లాసులో హిందీకి అందరికన్నా దగ్గరగా ఉన్న బిడ్డ అదే అని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఫారంలో మాతృభాష తెలుగు కదా.

దేశం కూడా ఆ గుమాస్తా చేసిన పనే చేసింది. 2011 జనాభా లెక్కల్లో లమాణీ/లంబాడీ మాతృభాష అని చెప్పినోళ్ళు 32 లక్షలకు పైనే. వాళ్ళందర్నీ తీసుకుపోయి హిందీ పద్దులో కలిపేసినారు. ఎనిమిదో షెడ్యూల్లో మనం లేము. ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెప్తాంది, వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెప్తాంది. చేతగాని పని కూడా కాదు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కువి, సవర లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ఒకటో తరగతి పుస్తకాలు వేసి పాఠాలు చెప్పినారు. అందులో బంజారా కూడా ఉంది. సోమందేపల్లి దాకా అది రాలేదు.

అదే బడి యానివర్సరీకి మాత్రం మనం కావాలి. ఫిబ్రవరిలో స్టేజీ మీద 'ట్రైబల్ డ్యాన్స్'. అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి హిందూపురంలో కిరాయికి తెచ్చి ఎనిమిది మంది పిల్లలకు వేసినారు, సినిమా పాట పెట్టినారు. ఆ ఎనిమిది మందిలో మా పిల్ల లేదు, డ్రెస్సు కిరాయి కట్టలేదని. మా అమ్మ పెట్టెలో నలభై ఏళ్ళ నాటి అసలు పేటియా ఉంది, అడిగింటే ఇచ్చేవాళ్ళం. అదే నెల 15న సేవాలాల్ జయంతికి మనోళ్ళు గుత్తి దగ్గర సేవాగఢ్‌కు పోతారు. మన ఉమ్మడి జిల్లాలోనే అంత పెద్ద జాతర జరుగుతుంది. ఆ రోజు సెలవు చీటీ రాసిస్తే "ఇదేం పండగ?" అని డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపినారు.

మనలోనే కొందరు పెద్దలు అంటారు, అసలు ప్రైవేటు బడికి ఎందుకు పంపాల, మన గురుకులాలు లేవా, సర్కారు బడి లేదా అని. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. కానీ వాళ్ళలో సగం మంది పిల్లలు అనంతపురంలో కార్పొరేట్ కాలేజీల్లో ఉన్నారు, అది కూడా చెప్పుకోవాలి. తండా బడిని ఎవరు ఖాళీ చేసినారు? 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళకు తోలినారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను తీసేసింది. సంతోషం, అయితే చెదిరిన పిల్లలు జీవోతో తిరిగి వస్తారా? ఒక టీచరుతో ఐదు తరగతులు నడిచే బడిని చూపించి, పక్కనే పసుపు బస్సు ఎక్కే పిల్లల్ని చూపించి, తల్లిని త్యాగం చేయమంటే ఎట్లా? తండా బడి కోసం కొట్లాడాల్సిందే. ఆ కొట్లాటకు ఆరేళ్ళ పిల్లను పణంగా పెట్టొద్దు.

అట్లాగని ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు బడి అనేది కూడా గట్టి నేల కాదు. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం గుర్తుందా? మన రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే దాన్ని ఆపేసినారు. తెలంగాణలో అదే పథకం కింద 2025లో బకాయిలు రాలేదని బళ్ళు పిల్లల్ని గేటు బయట నిలబెట్టినాయి, తల్లిదండ్రులు రోడ్డెక్కినారు. అక్కడ చదివేది ఎక్కువగా దళిత, గిరిజన బిడ్డలే. కాబట్టి ఒక బడి పేరు చూసి మురిసిపోయి ఇంటికొచ్చి పడుకుంటే కుదరదు.

మరి నువ్వేం చేయాలి? ఈసారి ఫారం నింపేటప్పుడు మాతృభాష దగ్గర 'లంబాడీ' అనో 'గోర్‌బోలి' అనో, ఎరుకలోళ్ళ బిడ్డయితే 'ఎరుకల' అనో రాయించు. కంప్యూటర్లో ఆ పేరు లేదంటే కాగితం మీద రాసి, ముద్ర కొట్టించి, ఫోటో తీసి పెట్టుకో. పిల్లకు పరీక్ష పెడతామన్నా, తల్లిదండ్రులకు ఇంగ్లీషు వచ్చా అని ఇంటర్వ్యూ చేసినా అది సెక్షన్ 13 కింద నేరం. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. ఈ మాట ఆఫీసులో మెల్లగా, మర్యాదగా చెప్పు, చాలామంది అక్కడే సర్దుకుంటారు. సర్దుకోకపోతే ఎంఈఓకు రాతపూర్వకంగా ఇవ్వు, రసీదు తీసుకో. బస్సు ఫీజు, షూ, 'యాక్టివిటీ' ఫీజు ఎంతో చేరకముందే అడుగు, ఉచిత సీటు అక్కడే చాలామందికి బరువైపోతాంది.

ఇంకోటి, ఇది నేను చేయనిది, చేసుంటే బాగుండేది. ఒక్కో బడికి ఒక్కో పిల్లను చెల్లాచెదురుగా పెట్టొద్దు. చుట్టుపక్కల రెండు మూడు తండాల తల్లుల్ని కూర్చోబెట్టి, అందరి ఫారాల్లోనూ మొదటి ఆప్షన్‌గా ఒకే బడి పెట్టించు. లాటరీలో అందరికీ రాకపోవచ్చు. ఒక క్లాసులో ఒక్క బిడ్డే ఉన్నా, పై క్లాసులో ఇంకొకరు, బస్సులో ఇంకో ఇద్దరు ఉంటే, ఆ అర్ధగంట ప్రయాణంలోనైనా నోరు తెరిచి తన మాట మాట్లాడుకుంటుంది.

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ఒక పని మొదలుపెట్టినారు. భాష చచ్చిపోతాందని తెలిసి, బడి ఈడు రాని పిల్లల్ని అవ్వల దగ్గర కూర్చోబెట్టి మావోరీలోనే పెంచినారు. వాళ్ళ భాషలో దాని పేరు కోహంగా రేయో, భాషా గూడు అని అర్థం. ప్రభుత్వం పెట్టింది తర్వాత సంగతి, ముందు అవ్వలు కూర్చున్నారు. మన తండాలో అవ్వలకు కొదవా? సేవాలాల్ గుడి ముందర సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, హోంవర్క్ ఒక పక్క, అవ్వ కథ ఒక పక్క. ఫోన్లో రికార్డు చేసి ఉంచు.

మా మేనకోడలు ఈ ఏడు రెండో తరగతి. బడి మాన్పించలేదు, మాన్పించం. ఫారం దిద్దించడానికి వచ్చే సోమవారం నేనూ అక్కా మళ్ళీ పోతాండాం. ఈసారి మా అమ్మ కూడా వస్తానంది, పేటియా కట్టుకుని. సోమందేపల్లి, గోరంట్ల, రొద్దం వైపు ఇట్లా 'తెలుగు' అని రాయించుకున్నోళ్ళు ఎవరున్నా రాండి, ఒకే అర్జీ మీద సంతకాలు పెడదాం.