గుడ్డికన్న మెల్ల మేలే, మరి మంచి కన్ను మాటేమిటి?

మొన్న సంక్రాంతికి పెద్దారవీడు మండలంలోని ఒక పల్లెలో తండ్రీ కొడుకుల వాదానికి నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. తండ్రి పాతికేళ్లుగా బీడీ కాలుస్తున్న రైతు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాడు. కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. అతని జేబులో పెన్ను వంటి ఒక పరికరం, దాని నుండి మామిడిపండు వాసన. "నాయనా, నువ్వు తాగేది పొగ, నేను పీల్చేది ఆవిరి. నీ గుండెకే ముప్పు, నా గుండెకు కాదు" అన్నాడు కొడుకు. తండ్రి నా వైపు తిరిగి, "నిజమేనా డాక్టరుగారూ? నిజమైతే నేనూ బీడీ మాని అదే పట్టుకుంటాను" అన్నాడు.

ప్రశ్న ఒక్కటే అయినా, దానికి రెండు సమాధానాలున్నాయి. ఆ రెంటినీ కలిపివేసి ఒక్కటిగా చూపడంలోనే ఈ వ్యాపారమంతా ఇమిడి ఉన్నది.

ముందుగా కొడుకు మాటలోని సత్యాన్ని ఒప్పుకొందాం. పొగాకు మండినప్పుడు వేల కొలది రసాయనాలు పుడతాయి. వాటిలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. పొగలోని సూక్ష్మ కణాలు రక్తనాళాల లోపలి పొరను గాయపరుస్తాయి. రక్తం సులభంగా గడ్డకడుతుంది. కొవ్వు పేరుకొని నాళం ఇరుకవుతుంది. తునికాకులో చుట్టినంత మాత్రాన బీడీ సాధువు కాదు. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో బీడీ తాగేవారి గుండెపోటు ముప్పు సిగరెట్టు తాగేవారి ముప్పుతో దాదాపు సమానమని తేలింది. వేప్‌లో మంట లేదు గనుక కార్బన్ మోనాక్సైడ్ బెడద కూడ దాదాపు లేదు. స్కాట్లండులోని డండీలో 114 మంది ధూమపాయులపై జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. సిగరెట్టు నుండి వేప్‌కు మారినవారి రక్తనాళాల వ్యాకోచశక్తి నెల రోజులలోనే మెరుగుపడినట్లు అందులో కనిపించింది.

ఈ మాట చెప్పడానికి నా తోటి వైద్యులు కొందరు జంకుతారు. వేప్ సిగరెట్టుతో సమానమనీ, అంతకన్న ఘోరమనీ సభలలో ఉపన్యసిస్తారు. అది తప్పు. వేప్ వల్ల గుండెపోట్లు పెరుగుతున్నాయని 2019లో అమెరికాలో ప్రచురితమైన ఒక వ్యాసం ప్రపంచమంతా మారుమ్రోగింది. ఆ గుండెపోట్లు వేప్ మొదలుపెట్టక ముందు వచ్చినవో, తరువాత వచ్చినవో తేల్చలేదన్న కారణంగా మరుసటి సంవత్సరమే ఆ పత్రిక దానిని ఉపసంహరించుకొన్నది. మన పక్షాన ఉన్నదని అసత్యాన్ని ఆశ్రయిస్తే, సెల్‌ఫోనులో క్షణంలో నిజం వెదికే యువకుడు మన తక్కిన మాటలను కూడ నమ్మడు.

ఇక కొడుకు మాటలోని అసత్యానికి వద్దాం. అతడు పీల్చేది ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, సువాసన ద్రవ్యాలు కలిపిన ద్రవాన్ని కాలిన తీగపై వేడి చేస్తే వచ్చే సూక్ష్మమైన తుంపర అది. ఆ వేడికి రక్తనాళాలకు కీడు చేసే అక్రోలీన్ వంటి పదార్థాలు పుట్టవచ్చు. అన్నింటికన్న ముఖ్యం నికోటిన్. అది శరీరంలో అడ్రినలిన్‌ను ఎగదోస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ధమనులు బిగుసుకొంటాయి. ఈ మార్పులు ఒక్కసారి పీల్చినా కొలిచి చూపగలిగినవే. ఏళ్ల తరబడి ఈ కొరడా దెబ్బలు తిన్న గుండె ఏమవుతుందో చెప్పడానికి ఈ వస్తువు వయసే చాలదు. సిగరెట్టు మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే ఇంటింటికీ చేరింది. దాని నేరం రుజువు కావడానికి 1950 దశకం దాకా పట్టింది. రుజువు ఆలస్యమైనంత మాత్రాన నిర్దోషిత్వం సిద్ధించదు.

వ్యాపారులు వల్లె వేసే మరొక అంకె, "తొంభై అయిదు శాతం తక్కువ హాని." 2015లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ అంకెకు మూలం, పన్నెండుమంది నిపుణులు కూర్చొని తమ అంచనాలకు వేసుకొన్న మార్కులు. అది ఏ గుండెనూ కొలిచి తేల్చినది కాదు. పోనీ, ఆ అంకె నిజమే అనుకొందాం. దేనికన్న తక్కువ? సిగరెట్టుకన్న. ఆ కుర్రవాడు ఎన్నడూ సిగరెట్టు ముట్టలేదు! అతడు పోల్చుకోవలసింది తండ్రి బీడీతో కాదు, నిన్నటి తన స్వచ్ఛమైన ఊపిరితో. గుడ్డికన్న మెల్ల మేలు, నిజమే. మంచి కన్నున్నవాడు మెల్లను కొని తెచ్చుకొంటే దానిని మేలనే వైద్యుడెవడు?

మరి తండ్రి సంగతి? 2019లో ఇంగ్లండులో 886 మందిపై జరిగిన పరిశోధనలో, ఏడాది తరువాత సిగరెట్టు మానినవారు వేప్ వాడిన వర్గంలో 18 శాతం, నికోటిన్ బిళ్లలు, పట్టీల వంటివి వాడిన వర్గంలో 9.9 శాతం. వేప్ గెలిచింది, కాదనను. కాని అలా మానినవారిలో 80 శాతం ఏడాదికి కూడ వేప్‌ను వదలలేదు. రెండవ వర్గంలో చికిత్సను వదలనివారు 9 శాతమే. పైగా ఆ ప్రయోగం జరిగిన దేశంలో ద్రవానికి పరిమితి ఉన్నది, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించరాదు. మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను నిషేధించింది. కాబట్టి ఇక్కడ చేతికందేది దొంగసరుకే. దానిలో ఎంత నికోటిన్ ఉన్నదో చెప్పే పూచీదారు లేడు. రక్తపోటు ఉన్నవాడు అటువంటి మందును నా చేతి మీదుగా పొందజాలడు.

సగం బీడీ, సగం వేప్ అనే రాజీ అంతకన్న మోసం. రోజుకు ఇరవై సిగరెట్లు తాగేవానికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో సుమారు సగం ఒక్క సిగరెట్టుతోనే వస్తుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష తేల్చింది. తగ్గించడం గుండెకు చాలదు, మానడమే కావాలి.

ఇంకొక మాట పాలకులతో. వేప్ అమ్మినవానికి మొదటి నేరానికే ఏడాది వరకు జైలు. మంచిదే. కాని పొదిలిలోనూ కనిగిరిలోనూ పొగాకు వేలం కేంద్రాలు నడుస్తున్నవి ప్రభుత్వ పొగాకు బోర్డు ఆధ్వర్యంలోనే. బడిపక్క దుకాణంలో బీడీకట్ట దొరుకుతున్నదీ అదే ప్రభుత్వ కళ్ల ముందే. నా నింద రైతుపై కాదు. నీరు లేని నేలలో రైతు ఏ పంటకు ధర ఉంటే దానిని పట్టుకొంటాడు. కొత్త విషానికి సంకెళ్లు వేసి, పాత విషానికి వేలంపాట పాడే నీతిపైనే నా నింద. గుండెపోటు వచ్చినవానిని ఇక్కడి నుండి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు చేర్చేలోగా గుండె కండరం క్షణక్షణం చచ్చిపోతుంది. బీడీ మానిపించే సలహా మాత్రం పల్లెలోనే ఇవ్వవచ్చు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ మానిపించే మందులు, ఓపికగా మాట్లాడే మనిషి ఉండాలి.

ఆనాడు నేను చెప్పిన తీర్పు ఇది. కొడుకుతో, "నీ తండ్రికన్న నువ్వు మేలన్నది తీర్పు కాదు నాయనా. నీకు లేని జబ్బుకు నువ్వు మందు తాగుతున్నావు. దానిని పారవెయ్యి" అన్నాను. తండ్రితో, "నీకు కావలసింది ఇంకొక గొట్టం కాదు. డాక్టరు సలహాతో నికోటిన్ బిళ్లలు గాని, మందులు గాని కొద్ది వారాలు వాడి వాటినీ మానెయ్యాలి. 1800-11-2356కు ఫోను చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. ఏడాది ఓర్చుకొంటే బీడీ తెచ్చిన గుండె ముప్పు సగానికి తగ్గుతుంది" అన్నాను.

తండ్రి బీడీకట్ట నా బల్లపై పెట్టాడు. కొడుకు తన పరికరాన్ని జేబులోనే ఉంచుకొన్నాడు. ఈ వ్యాసం వానికోసమే వ్రాశాను.