క్రొత్త హార్డు డిస్కు కంప్యూటరునకు కానరానప్పుడు

ఒక సోదరీమణి మాకిట్లు వ్రాసియున్నారు. క్రొత్త హార్డు డిస్కును కొని తెచ్చి యింటి డెస్కుటాపు కంప్యూటరులో బిగింపగా, కంప్యూటరు దాని నెఱుగనట్లే యున్నదట. పాత డిస్కు నిండిపోయినది. అందు కుమార్తె వివాహపు చిత్రములును, స్వర్గస్థులైన అత్తగారు పాడిన మంగళహారతులును గలవు. అమ్మినవాడు ఫోనులో విని, డిస్కు చెడియుండును, మఱియొకటి కొనుడనెను. ఇంటిలోని పిల్లవాడు, అన్నిటిని ఒకమాఱు ఫార్మాటు చేసి చూతమనుచున్నాడు. ఏమి చేయవలెనని ఆమె ప్రశ్న.

ఈ రెండు సలహాలలో మొదటిది ధనమునకు చేటు. రెండవది అంతకంటె పెద్ద చేటు. ఫార్మాటు చేయుటయనగా డిస్కులోని వ్రాతను తుడిచివైచుటయే. డిస్కు కానరాకపోవుట చిన్న చిక్కు. తొందరలో దానిని సవరింపబోయి పాత డిస్కును తుడిచివైచినచో ఆ కంఠస్వరమును మఱల ఏ యంగడిలోను కొనజాలము. కావున తీరికగా నున్న యొక మధ్యాహ్నము ఈ పనికి పూనుకొనవలెను గాని, వంటయింటిలో పాలు పొయ్యిమీద నుంచి పూనుకొనరాదు.

మొదట నొక సంగతి గ్రహింపవలెను. కంప్యూటరు తన డిస్కులను రెండు పర్యాయములు చూచుకొనును. మీట నొక్కినతోడనే, విండోసు మేల్కొనుటకు పూర్వమే, మదరుబోర్డులో నివసించు బయాసు అను చిన్న కార్యక్రమము తనకు తగిలించిన వస్తువుల నన్నిటిని లెక్కించుకొనును. పిమ్మట విండోసు వచ్చి, ఆ డిస్కులలో ఏర్పాటు జరిగినవానిని మాత్రమే మనకు అక్షరములు పెట్టి చూపును. కనుక "కానరాలేదు" అనుమాటకు రెండర్థములు గలవు. బయాసునకే కానరానిచో లోపము సాధారణముగా తీగలలో నుండును. బయాసునకు కనబడి విండోసులో కనబడనిచో తఱచుగా లోపమేమియు లేదు. అది గట్లు వేయని క్రొత్త పొలము వంటిది. గట్లు వేసి మడులు చేసిన గాని అందు నాట్లు సాగవు.

కాబట్టి స్క్రూడ్రైవరును ముట్టకముందే బయాసును అడుగుడు. కంప్యూటరును ఆపి, మఱల మీట నొక్కి, వెంటనే డిలీటు మీటనుగాని ఎఫ్ 2 మీటనుగాని పదేపదే నొక్కుచుండవలెను. పెక్కు యంత్రములలో నీ రెంటిలో నొకటి పనిచేయును. తెఱపై వచ్చు పట్టికలలో "స్టోరేజి" అనియో "సాటా" అనియో యున్న చోట డిస్కుల పేర్లును పరిమాణములును కనబడును. అచ్చట దేనిని మార్పవలదు. చూచి, వ్రాసికొని, భద్రపఱుపకయే వెలుపలికి రండు.

క్రొత్త డిస్కు అందు కనబడినదా, సగము దిగులు తీరినట్లే. విండోసు తెఱచి, విండోసు గుర్తుగల మీటను ఎక్సు మీటతో కలిపి నొక్కినచో నొక జాబితా వచ్చును. అందు "డిస్కు మేనేజుమెంటు" అనుదానిని తెఱువుడు. క్రొత్త డిస్కు ఉన్న పక్షమున, దానిని "ఇనిషియలైజు" చేయుదునా యని తనంతట తానే ప్రశ్నించును. జీపీటీ, ఎంబీఆర్ అని రెండు విధములు చూపును. ఎంబీఆర్ పాత పద్ధతి; అది సామాన్యముగా 2 టెరాబైట్లకు మించిన చోటును లెక్కింపజాలదు. నేటి యంత్రములకు జీపీటీయే తగినది. పిమ్మట క్రింద నల్లని పట్టెతో "అన్అలొకేటెడ్" అను గడి కనబడును. దానిపై మౌసు కుడిమీట నొక్కి "న్యూ సింపులు వాల్యూము" ఎన్నుకొని, అడిగినవానికెల్ల అంగీకరించుచు పోయినచో, క్షణములలో క్రొత్త అక్షరముతో డిస్కు ప్రత్యక్షమగును. ఇదివరకే మఱియొకచోట వాడిన డిస్కయినచో ఏర్పాటంతయు ఉండియు అక్షరము మాత్రమే లేకుండవచ్చును; అప్పుడు "చేంజి డ్రైవు లెటర్" అనుదానితో అక్షరము నిచ్చిన చాలును.

ఇచ్చటనే సోదరీమణులు ఊపిరి బిగబట్టి చూడవలసినది. ఆ పట్టికలో పాత డిస్కును క్రొత్త డిస్కును ప్రక్క ప్రక్కనే యుండును. వాని పేర్లు డిస్కు 0, డిస్కు 1 అని మాత్రమే. ఆ అంకెలను నమ్మి పని చేయవలదు. క్రొత్తదానిని బిగించుటకు ముందే దాని చీటిమీది పరిమాణమును, నమూనా సంఖ్యను కాగితముపై వ్రాసియుంచుకొనవలెను. పాతదానిపై నీలిపట్టెయు, సీ, డీ మొదలగు అక్షరములును ఉండును. నల్లపట్టె యున్నది క్రొత్తది. రెండును ఒకే పరిమాణము గలవైనచో నమూనా సంఖ్యయే దిక్కు. పేరుపై కుడిమీట నొక్కి "ప్రాపర్టీసు" చూచినచో ఆ సంఖ్య కనబడును.

ఇంకను ముఖ్యమైనది. ఏనాటినుండియో వాడుచున్న డిస్కును చూపి "ఇనిషియలైజు చేయుదునా" యని అడిగినచో, సరేయని నొక్కరాదు. "క్యాన్సిలు" నొక్కవలెను. క్రొత్తదానివిషయమున నా ప్రశ్న సహజము. పాతదానివిషయమున అది డిస్కులోని విషయసూచిక చెడినదనుటకు గుర్తు. సరేయన్నచో ఆ సూచికపై క్రొత్తది వ్రాయబడి, రక్షింప వీలైన చిత్రములు సైతము కష్టసాధ్యములగును. అట్టి సమయమున యంత్రము నాపి, పోయిన సమాచారమును వెలికితీయు నిపుణులయొద్దకు డిస్కును గొనిపోవుటయే మేలు. పిల్లలు ఈ మీటలను మనకంటె వేగముగా నొక్కుదురు గనుక ఈ సంగతి వారికిని ముందుగా చెప్పియుంచుడు.

ఇక బయాసునకే డిస్కు కానరాలేదనుకొందము. అప్పుడు పెట్టె తెఱువక తప్పదు. ఇంటింటను దీనిని సీపీయూ అని పిలుతురు. నిజమునకా పేరు లోపలి చిన్న చిప్పుదే; పెట్టెకు స్థిరపడిపోయినది, పోనిండు. కంప్యూటరును ఆపి, గోడకున్న స్విచ్చును గూడ ఆపి, తీగను ఊడదీసి, పిమ్మట పెట్టెమీది మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టుడు. లోన మిగిలిన విద్యుత్తు చాలవఱకు దానితో తీఱును. పట్టుచీర కట్టుకొని యీ పని చేయరాదు. పెట్టెయొక్క లోహభాగమును ఒకమాఱు తాకి, తరువాతనే లోపలి వస్తువులను తాకవలెను. పవరు సప్లై అను మూతవేసిన డబ్బాను ఎన్నడును విప్పరాదు. తీగ తీసినను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

డిస్కునకు రెండు తీగలు కావలెను. సన్ననిది మదరుబోర్డునుండి వచ్చి సమాచారమును మోయును. దానికి 7 స్పర్శలు. వెడల్పైనది పవరు సప్లైనుండి వచ్చి విద్యుత్తు నిచ్చును, దానికి 15. రెంటి నోరును ఎల్ అను ఇంగ్లీషు అక్షరపు వంపుతో నుండుటచేత ఒకే వైపున దిగును, బలాత్కరింప బనిలేదు. రెంటిలో నొకటి మఱచుట మిక్కిలి సామాన్యము. రెండును ఉన్నచో తీసి మఱల గట్టిగా అదుముడు. సన్నని తీగ చూపునకు బాగుండియు లోన తెగియుండవచ్చును గనుక, పనిచేయుచున్న డిస్కు తీగనే తాత్కాలికముగా దీనికి తగిలించి చూచుట ఉత్తమ పరీక్ష. మదరుబోర్డుమీది రంధ్రమును గూడ మార్చి చూడవలెను. కొన్ని బోర్డులలో ఎం.2 అను సన్నని పలక వంటి డిస్కును పెట్టినంతనే, చోటు పంచుకొనుటచే, ఒకటి రెండు సాటా రంధ్రములు పనిచేయుట మానును. ఏవి మానునో బోర్డుతో వచ్చిన పుస్తకమున నుండును. ఆ పుస్తకమును పాత కాగితములతో అమ్మివైచిన యిండ్లు పెక్కులు గలవని మేమెఱుగుదుము.

పిమ్మట కంప్యూటరును నడిపి, చెవియొగ్గి వినుడు. మూడున్నర అంగుళముల డిస్కు నిమిషమునకు 5400 పర్యాయములో 7200 పర్యాయములో తిరుగును. వ్రేలితో మెల్లగా తాకిన సన్నని వణకు తెలియును. 1956లో ఐబీఎం వారు తెచ్చిన మొదటి హార్డు డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి. అది టన్నునకు మించిన బరువుతో, 50 లక్షల అక్షరములను మాత్రమే దాచెడిది. నేటి ఫోను తీయు ఒక్క చిత్రమునకు చాలీచాలనంత. ఇప్పటిది అరచేతిలో ఇమిడినను తిరుగుట మానలేదు. వణకు లేదన్నచో విద్యుత్తు అందుటలేదు. వేఱొక పవరు ప్లగ్గు పెట్టి చూడుడు. కాని మఱియొక కంప్యూటరు పవరు సప్లైతో వచ్చిన తీగను దీనికి వాడరాదు. నోరు సరిపోయినను లోపలి వరుస వేఱై డిస్కు కాలిపోవచ్చును. తిరుగుచు టిక్కు టిక్కుమని ఆగియాగి కొట్టుకొనుచున్నచో అది నిజముగా రోగమే.

మఱియొక విచిత్రము. వెలుపల తగిలించు డిస్కుల డబ్బాలు విప్పి తీసినవానిలోను, పెద్ద కార్యాలయముల కొఱకు చేసినవానిలోను కొన్నింటికి, మూడవ స్పర్శకు 3.3 వోల్టులు తగిలినంతకాలము నిద్రించు లక్షణము గలదు. పాత పవరు సప్లైలు ఆ 3.3 వోల్టులను ఎల్లప్పుడును ఇచ్చుచునే యుండును గనుక డిస్కు ఎన్నటికిని మేల్కొనదు. అట్టివానికి 3.3 వోల్టుల తీగ లేని మోలెక్సు అను పాతరకపు ప్లగ్గు అడాప్టరును అంగడిలో అడిగి తెచ్చుకొనవలెను.

ఇన్నియు చేసినను ఫలము లేనిచో పొరుగువారి కంప్యూటరులో నొకమాఱు పెట్టి చూడుడు. అచ్చటను కానరానిచో, లేక టిక్కుమను చప్పుడున్నచో, బిల్లును డబ్బాను తీసికొని గడువులోపల అంగడికి పొండు. రెండు కంప్యూటరులలో చూచితిమనియు, తీగలు మార్చితిమనియు చెప్పినచో మార్చియిచ్చుటకు వెనుదీయుట వారికి కష్టము.

డిస్కు పనిచేసినవారు మఱల మాకు జాబు వ్రాయకుండ నొక మాట. 1 టెరాబైటని కొన్నది విండోసులో 931 అని కనబడును. తయారు చేయువారు వేయి చొప్పునను, విండోసు 1024 చొప్పునను లెక్కించుటయే దీనికి కారణము. అంగడివాడు మీకు తక్కువ తూచలేదు.